నాన్న ఫియట్‌లో డ్యాష్‌బోర్డు తాళం: పని డైరీ

ఆదివారం

మా ఇంట్లో దాన్ని ఎవరూ పద్మిని అనలేదు. ఫియట్ కారే. ప్రీమియర్ పద్మిని, 1984 మోడల్. నాన్న కొన్న మొదటి కారూ చివరి కారూ అదే. బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, కొన్నాళ్ళు ప్రెసిడెంట్ అయి, 1974లో పద్మిని అని పేరు మార్చుకున్నా జనం నోట్లో ఫియట్ అనే ఉండిపోయింది. గ్లవ్ బాక్స్ సంగతీ అంతే. "కాగితాలు డ్యాష్‌బోర్డులో ఉన్నాయి" అంటే ఎడమ సీటు ముందున్న మూతపెట్టె అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేనూ ఇక్కడ అలాగే రాస్తాను.

ఈ బండికి పదిహేనేళ్ళు నిండి చాలా కాలమైంది. అప్పట్నుంచీ ఐదేళ్ళకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయిస్తున్నాం. మళ్ళీ గడువు దగ్గరపడింది. ఆర్‌సీ పుస్తకం డ్యాష్‌బోర్డులో ఉంది. డ్యాష్‌బోర్డుకి తాళం వేసి ఉంది. పొద్దున ఆ తాళం తిప్పబోతే చెవి నా చేతిలోనే విరిగింది. పట్టుకునే తల వేళ్ళ మధ్య ఉంది, పళ్ళున్న ముక్క తాళంలో ఉండిపోయింది.

విరిగిన ఇత్తడి అంచుని భూతద్దం కింద పెట్టి చూశాను. సగం మేర నల్లగా, పాత చిలుము పట్టి ఉంది. మిగతా సగం కొత్త ఇత్తడిలా మెరుస్తోంది. అంటే ఇది ఇవాళ విరిగిన చెవి కాదు. ఎన్నేళ్ళ క్రితమో బీట తీసింది, తిప్పిన ప్రతిసారీ ఇంకాస్త లోపలికి పాకింది, మిగిలిన సగం ఇవాళ తెగింది. తాళం అంత బిగువుగా ఎందుకు తిరుగుతోంది అన్నది ముందు తేలాలి. లేకపోతే కొత్త చెవికీ ఇదే గతి.

మధ్యాహ్నం ఎదురింటబ్బాయి వచ్చి చూసి, పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి మూత పైకి ఎత్తేద్దామన్నాడు. వద్దన్నాను. పద్మినిలో డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ కాదు, రేకు. మూత అంచు ఒకసారి వంగితే టింకరింగ్ చేయించినా ఆ గీత సూటిగా రాదు. పైగా నలభై ఏళ్ళుగా ఎవరూ మళ్ళీ వెయ్యని ఒరిజినల్ పెయింటు అక్కడ అలాగే ఉంది.

సోమవారం రాత్రి

ఆఫీసు నుంచి వచ్చాక మళ్ళీ కూర్చున్నాను. విరిగిన ముక్క తాళం మొహానికి రెండు మిల్లీమీటర్లు లోపల ఉంది. మొదట దాన్ని బయటికి లాగేద్దామనే అనుకున్నాను. కాసేపు ఆలోచించి ఆగాను.

మా బండిలో ఉన్నది బిళ్ళల తాళం. ముందు వైపు గుండ్రటి బ్యారెల్, దాన్లో వరసగా పల్చటి ఇత్తడి బిళ్ళలు, ఒక్కోదాని పక్కన వెంట్రుకంత తీగతో చేసిన స్ప్రింగు. చెవి లేనప్పుడు స్ప్రింగులు బిళ్ళల్ని బయటికి నెట్టి, చుట్టూ ఉన్న బాడీ గాడిలో ఇరికిస్తాయి. అప్పుడు బ్యారెల్ తిరగదు. సరైన చెవి దూరితే దాని పళ్ళు బిళ్ళలన్నిటినీ బ్యారెల్ లోపలికి లాక్కుంటాయి. అప్పుడు బ్యారెల్ పావు వంతు తిరిగి, వెనకున్న ఇనుప నాలుక మూత అంచు దాటి పక్కకి వాలుతుంది.

ఇప్పుడు చూడండి. పళ్ళున్న ముక్క మొత్తం లోపలే ఉంది. బిళ్ళలన్నీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. లేనిదల్లా తిప్పడానికి పిడి. ఆ ముక్క లాగేస్తే బిళ్ళలు లేచి తాళం నిజంగా పడిపోతుంది. కాబట్టి అది లోపల ఉన్నంతసేపే నాకు అవకాశం.

వాచీ రిపేరు స్క్రూడ్రైవర్ తీసి, ఆ రెండు మిల్లీమీటర్ల సందులో ఆనించి తిప్పాను. కదల్లేదు. కాస్త కిరోసిన్ చుక్కలుగా వేసి పది నిమిషాలు ఆగి మళ్ళీ తిప్పాను. ఊహూ. ఇంకొంచెం బలం పెడితే స్క్రూడ్రైవర్ కొస మెలి తిరుగుతుంది.

అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని షెడ్డులోకి వచ్చి కాసేపు నిలబడి చూసింది. "ఊరికే తిప్పితే రాదురా. మీ నాన్నగారు ఎడం చెయ్యి మూత మీద ఆనించి నొక్కి, కుడి చేత్తో తిప్పేవారు" అంది.

మూత మధ్యలో అరచెయ్యి పెట్టి లోపలికి నొక్కాను. లోపల ఏదో మెత్తటిది అణిగినట్టు మూత అర మిల్లీమీటరు వెనక్కి పోయింది. రెండో చేత్తో స్క్రూడ్రైవర్ తిప్పాను. వేడి నెయ్యిలో గరిటె తిరిగినట్టు తిరిగింది. మూత కిందికి వాలింది.

నలభై ఏళ్ళుగా అమ్మ ఎడమ సీట్లోనే కూర్చుంది. ఈ బండిలో ఆ మూత సంగతి ఆవిడకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

లోపల దొరికినవి: ప్లాస్టిక్ కవర్లో ఆర్‌సీ పుస్తకం, పాత ఇన్సూరెన్సు కాగితాల కట్ట, ఒక డిస్ట్రిబ్యూటర్ పాయింటు సెట్టు, ఒక కండెన్సర్ (రెండూ ఇంజన్‌లో స్పార్కు పుట్టించే భాగాలు), నాలుగు ఫ్యూజులు, నూలు గుడ్డ, నీలం అట్ట పాకెట్ నోటుపుస్తకం. పాయింటూ కండెన్సరూ లేకుండా నాన్న ఊరు దాటేవారు కాదు. రాత్రిపూట ఏలూరు రోడ్డు మీద బండి ఆగితే, టార్చి నా చేతికిచ్చి తనే మార్చేసేవారు.

అసలు సంగతి మూత లోపలి వైపు బయటపడింది. రెండు పై మూలల్లోనూ సైకిలు ట్యూబు ముక్కలు, ఒకదాని మీద ఒకటి మూడేసి పొరలు, పంక్చర్ సొల్యూషన్‌తో అంటించి ఉన్నాయి. మూత వేస్తే ముందు అవే డ్యాష్‌బోర్డుకి తగిలి బయటికి తంతున్నాయి. ఆ తోపుడు మొత్తం తాళం నాలుక మీద పడుతోంది. నాలుక వెళ్ళి రేకు అంచుని వెనక నుంచి గట్టిగా ఒరుసుకుంటోంది. చెవి తిప్పేది తాళాన్ని కాదు, ఆ ఒరిపిడిని.

పడుకునే ముందు నోటుపుస్తకం తెరిచాను. ఎక్కువగా పెట్రోలు లెక్కలు, కిలోమీటర్లు, ఆయిలు మార్చిన తేదీలు. నాన్న దస్తూరి అంతటా ఒకేలా ఉంటుంది, గళ్ళు గీసినట్టు. మధ్యలో ఒక పేజీ అడుగున: "డ్యాష్‌బోర్డు మూత చప్పుడు. ట్యూబు ముక్కలు అంటించితిని. చప్పుడు ఆగినది."

మంగళవారం

మరి చప్పుడు ఎందుకు వచ్చేది?

మూత తెరిచి రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ ఊపాను. కుడి కీలు గట్టిగానే ఉంది. ఎడమ కీలు టకటకమంది. డ్రిల్ బిట్లు కొలతబద్దలుగా వాడాను: మూత మూసి పై సందులో దూరిస్తే కుడి చివర మూడు మిల్లీమీటర్ల బిట్టు పట్టింది, ఎడమ చివర ఐదు మిల్లీమీటర్లది సులువుగా పోయింది. ఎడమ కీలు చీల ఉండే రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి సాగింది.

ఇప్పుడు వరస అర్థమైంది. కీలు అరిగింది, మూత మోగింది. మోగుడు ఆపడానికి రబ్బరు పడింది. రబ్బరు వల్ల తాళం మీద బరువు పడింది, బరువుకి చెవి బీట తీసింది. తాళంలో దోషం అన్నిటికంటే ఆఖర్న వచ్చింది.

నాన్న చేసింది తప్పని నేను అనను. ఆయనకి ఆ రోజు కావలసింది చప్పుడు ఆగడం. రోజూ నడిచే బండి, మర్నాడు పొద్దున్నే డ్యూటీ. చేతిలో ఉన్నదానితో చేశారు, ఆగింది. నాకున్నంత తీరిక ఆయనకి లేదు.

బుధ, గురువారాలు

తాళం విప్పాను. వెనక పెద్ద పల్చటి నట్టు, దాని కింద నాలుక. నట్టు చేత్తోనే వచ్చింది, ఎప్పుడో వదులైంది.

విరిగిన ముక్క తియ్యడంలో ఒక్క కిటుకు ఉంది. బ్యారెల్ కొంచెం పక్కకి తిరిగి ఉన్నా ముక్క రాదు, బిళ్ళలు చుట్టూ ఉన్న గోడకి ఆనుకుని దాన్ని పట్టేస్తాయి. చెవి మామూలుగా బయటికి వచ్చే స్థానానికి బ్యారెల్‌ని సరిగ్గా నిలువుగా తెచ్చాక, సన్నటి రంపపు బ్లేడు ముక్కని పళ్ళు నా వైపు వాలి ఉండేట్టు చెవి పక్కన దూర్చి, కాస్త తిప్పి లాగాను. మూడోసారికి వచ్చింది.

తర్వాత బ్యారెల్. వెనక చిన్న క్లిప్పు తీస్తే జారి వస్తుంది. జారేటప్పుడు బిళ్ళలు స్ప్రింగుల తోపుకి ఎగిరిపోతాయని తెలిసి, పెద్ద పాలిథీన్ సంచిలో చేతులు పెట్టి విప్పాను. అయినా ఒక స్ప్రింగు సంచి మూతి లోంచి ఎగిరిపోయింది. పాత రేడియో స్పీకరు అయస్కాంతం నేలంతా తిప్పితే, అరగంటకి బల్ల కాలి పక్కన దొరికింది. ఇనుప స్ప్రింగు కాబట్టి దొరికింది.

ఐదు బిళ్ళలు. వీటి వరస మారితే మళ్ళీ ఏ చెవీ పట్టదు. అమ్మ మాత్రల డబ్బా, వారానికి ఏడు గదులున్నది, ఒక పూట అడిగి తీసుకున్నాను. ఆదివారం గదిలో మొదటి బిళ్ళ, దాని స్ప్రింగు. అలా గురువారం గది దాకా.

లోపలంతా గోధుమరంగు జిగురు. వాసన చూస్తే ముక్కిపోయిన కొబ్బరినూనె. తాళం బిగిసిందని ఎవరో ఎప్పుడో పోసి ఉంటారు. కొబ్బరినూనె పోసిన రోజు హాయిగానే తిరుగుతుంది. తర్వాత దుమ్ముని పట్టుకుని, ఏళ్ళ మీద లక్కలా గడ్డకడుతుంది. మీ ఇంట్లో ఏ తాళంలోనూ పొయ్యకండి. చలికాలంలో అది మామూలుగానే పేరుకుంటుంది కూడా.

కడగడంలో రెండు లోహాలకి రెండు పద్ధతులు. బిళ్ళలు ఇత్తడివి, వాటిని పూజ సామాను తోమినట్టే చింతపండుతో రుద్ది, మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో ఒత్తి, ఎండలో పెట్టాను. బాడీ మాత్రం పోతపోసిన జింకు మిశ్రమం. దానికి చింతపండు గానీ నిమ్మకాయ గానీ తగలకూడదు, పులుపు జింకుని తినేస్తుంది. దాన్ని కిరోసిన్‌లో రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమాను. ఇనుప బ్రష్ వాడలేదు, మెత్తటి లోహం, గీతలు పడతాయి.

తోమాక భూతద్దంలో చూస్తే బాడీకి పగులు లేదు. నేను భయపడింది దానికే. జింకు పోత పాతబడి ఉబ్బి పగిలితే చేసేదేం ఉండదు. బిళ్ళల్లో మూడోది తప్ప అన్నీ బాగున్నాయి. మూడోదానిలో చెవి దూరే కన్నం అంచు కాస్త గుండ్రంగా అరిగింది, కానీ పని చేస్తుంది.

శనివారం, ఆటోనగర్

పొద్దున్నే విజయవాడ ఆటోనగర్‌కి వెళ్ళాను. జేబులో బ్యారెల్, మాత్రల డబ్బాలోంచి కాగితాల్లోకి మార్చిన బిళ్ళలు, విరిగిన చెవి రెండు ముక్కలు, మూత ఎడమ కీలు.

పాత సామాన్ల కొట్లో అడిగితే పద్మిని డ్యాష్‌బోర్డు తాళం లేదన్నాడు. "బొంబాయి టాక్సీలు తిరిగినన్నాళ్ళూ ఫియట్ సామాను ఏదో ఒకటి వచ్చేదండి. ఇప్పుడు అదీ లేదు." ముంబయిలో ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరు చివర రోడ్డు దిగింది. ఆయన బీరువా తాళం ఒకటి చూపించి, మూతకి కన్నం కొంచెం పెద్దది చేసుకుంటే సరిపోతుందన్నాడు. కొత్తది, మెరుస్తోంది, చవక. కానీ మూత రేకు కోస్తే మళ్ళీ పాత తాళం అందులో కూర్చోదు. దండం పెట్టి వచ్చేశాను.

నాలుగు సందులు తిరిగితే తాళాల పెద్దాయన దొరికాడు. రోడ్డు పక్కన గొడుగు, చిన్న పెట్టె, దానికి బిగించిన వైస్, తీగలకి గుత్తులుగా వేలాడే ఖాళీ చెవులు. విరిగిన ముక్కలు చేతికిచ్చాను.

"దీనికి మారుతాళం చెయ్యగలరా బాబాయ్?"

ముక్కలు రెండూ అతికించి ఎండకి ఎత్తి చూశాడు. "చెయ్యొచ్చు బాబూ. కానీ అరిగిన చెవికి నకలు తీస్తే అరుగుదలకే నకలు వస్తది. బ్యారెల్ తెచ్చావా?"

తీసి ఇచ్చాను. బిళ్ళలు వరసగా పేర్చి ఉండడం చూసి, మాట్లాడకుండా పక్కనున్న స్టూలు నా వైపు జరిపాడు.

ఆ తర్వాత అరగంట నేను చూసింది రాయాలి. ఐదు బిళ్ళలూ, స్ప్రింగులూ బ్యారెల్‌లో ఎక్కించి, బాడీలో పెట్టకుండా ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకున్నాడు. ఖాళీ చెవి దూర్చాడు. ఐదు బిళ్ళలూ ఒక పక్కకి లేచి నిలబడ్డాయి, దువ్వెన పళ్ళలా. బిళ్ళలు ఎక్కడెక్కడ ఆనుతున్నాయో చెవి మీద సూదితో గుర్తు పెట్టుకున్నాడు. చెవి తీసి వైస్‌లో బిగించి, సన్నటి ఆకురాయితో మొదటి గుర్తు దగ్గర మూడు రుద్దులు. మళ్ళీ దూర్చాడు. బిళ్ళ కొంచెం దిగింది. మళ్ళీ రెండు రుద్దులు. కన్నుతో కాదు, బొటనవేలి గోరుతో బ్యారెల్ మీద నిమిరి చూస్తున్నాడు. గోరు తట్టుకుంటే ఇంకా ఉంది, తట్టుకోకపోతే అయిపోయింది. ఎక్కువ రుద్దితే బిళ్ళ రెండో పక్కకి దిగిపోతుంది, అప్పుడు ఆ చెవి పనికిరాదు. మూడో బిళ్ళ దగ్గర ఒక్కొక్క రుద్దే, ప్రతిదానికీ తీసి చూడడమే. అక్కడ చెయ్యి బాగా నెమ్మదించింది.

బిళ్ళలే కాస్త రుద్దేస్తే తొందరగా అయిపోదా అని అడిగాను. "బిళ్ళ రుద్దితే వీధిలో ఉన్న చెవులన్నీ పడతాయి. తాళం ఎందుకు ఇంక?" అన్నాడు.

చివరికి బ్యారెల్ మీద వేలు పెట్టి నిమరమన్నాడు. గాజు గోళీలా ఉంది. అదే లెక్కన రెండో చెవి కూడా చేశాడు. రెండూ కలిపి 250 రూపాయలు తీసుకున్నాడు. ఆ పనికి అది తక్కువ. ఇంకో వంద పెట్టబోతే తీసుకోలేదు.

కీలు పని పక్క సందులో లేత్ దగ్గర. సాగిన రంధ్రాన్ని ఆరు మిల్లీమీటర్లకి గుండ్రంగా తొలిచి, నాలుగు మిల్లీమీటర్ల లోపలి కన్నం ఉన్న ఇత్తడి బుష్ దిగ్గొట్టి, కొత్త ఇనుప చీల వేశారు. ఇరవై నిమిషాల పని.

ఆదివారం

బిగించడం.

కీలు ముందు. మూతని ఎడమ వైపు పైకెత్తి పట్టుకుని స్క్రూలు బిగిస్తే రెండు చివర్లా మూడు మిల్లీమీటర్ల బిట్టే పట్టింది. ఊపితే చప్పుడు లేదు.

ట్యూబు ముక్కలు తీశాను. సొల్యూషన్ గట్టిగా పట్టి ఉంది, పెట్రోలు తడిపిన గుడ్డ పెట్టి మెత్తబడ్డాక వచ్చాయి. వాటి బదులు రెండు చిన్న గుండ్రటి రబ్బరు బొడిపెలు పెట్టాను. ఎత్తు సరిపోయిందో లేదో చూడడానికి న్యూస్‌పేపరు పట్టీ ఒకటి మధ్యలో పెట్టి మూత వేసి లాగాను. కాగితం పట్టుకున్నట్టు ఉండి, చిరక్కుండా రావాలి. మొదట చిరిగింది. బొడిపెలు బ్లేడుతో కొంచెం కోశాక సరిగ్గా వచ్చింది.

తాళంలో నూనె వెయ్యలేదు. 6బీ పెన్సిల్ ముల్లుని ఎమెరీ కాగితం మీద రుద్ది, ఆ నల్ల పొడిని బిళ్ళల మీదా, చెవి మీదా వేలితో పూశాను. మామూలు హెచ్‌బీ పెన్సిల్‌లో బంకమట్టి పాలు ఎక్కువ, మెత్తటిదే మంచిది.

నాలుక రేకుకి ఎక్కడ తగులుతోందో చూడాలంటే గుర్తు కావాలి. అమ్మ కాటుక డబ్బాలోంచి కాస్త నాలుక కొస మీద పూసి, మూత వేసి, తాళం వేసి, తీసి చూశాను. రేకు అంచు వెనక బియ్యపుగింజంత నల్ల మచ్చ, ఒకే చోట. ఇంతకుముందు ఒరుసుకున్న చోట మాత్రం రెండంగుళాల మేర పెయింటు లేచి, తుప్పు గీత పడి ఉంది. నాలుక కొసకి ఎమెరీతో చిన్న ఏటవాలు ఇచ్చాను. మళ్ళీ కాటుక పూసి చూస్తే మచ్చ ఇంకా చిన్నదైంది.

అమ్మని పిలిచి ఎడమ సీట్లో కూర్చోబెట్టి చెవి చేతికిచ్చాను. అలవాటుగా ఎడమ చెయ్యి మూత మీదికి పోయింది. "నొక్కక్కర్లేదమ్మా, ఊరికే తిప్పు" అన్నాను. తిప్పింది. రెండుసార్లు వేసి తీసింది. "ఇంత తేలిగ్గా ఉంటే తాళం పడిందో లేదో తెలియట్లేదురా" అంటూ మూత పట్టుకుని లాగి చూసుకుంది. పడింది.

గురువారం

నిన్న బెంజి సర్కిల్ నుంచి ఉయ్యూరు దాకా వెళ్ళొచ్చాను. స్పీడు బ్రేకర్లు, గుంటలు, ఏదీ వదల్లేదు. మూత మోగలేదు. ఇప్పుడు స్టీరింగ్ దగ్గర గేరు రాడ్డు బుష్ మోగుడు వినపడుతోంది, ఇన్నాళ్ళూ ఈ చప్పుడు కింద అది వినపడేది కాదు.

రెండో చెవి అమ్మ గది తలుపు పక్క మేకుకి తగిలించాను. ఆర్‌సీ పుస్తకం బయటికి తీసి బీరువాలో పెట్టాను. పాయింటు సెట్టు, కండెన్సర్, ఫ్యూజులు డ్యాష్‌బోర్డులోనే ఉన్నాయి. నోటుపుస్తకంలో నాన్న రాసిన ఆ వాక్యం కింద నేనూ తేదీ వేసి రాశాను: "ఎడమ కీలుకు బుష్ వేయించాను. ట్యూబు ముక్కలు తీసేశాను. చప్పుడు లేదు."

రేకు వెనక తుప్పు గీత మిగిలింది. ఎమెరీ పట్టి రెడ్ ఆక్సైడ్ వెయ్యాలి. వానలు తగ్గాక.